ఆఫీసు గీసే ముందు అందులో కూర్చునేవాళ్లను అడగండి: ఆర్కిటెక్టులకు, యాజమాన్యాలకు, భవన అనుమతుల అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. ఇరుకు నగరాల్లో ఆఫీసులు గీసే ఆర్కిటెక్టులకు, ఇంటీరియర్ డిజైనర్లకు, వాటి మీద డబ్బు పెట్టే కంపెనీ యాజమాన్యాలకు, ఆ భవనాలకు అనుమతులు ఇచ్చే అధికారులకు కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎవరికి వారికి విడిగా రాసి చూశాం. జవాబులు వచ్చాయి. ప్రతి జవాబూ మమ్మల్ని ఇంకొకరి దగ్గరికి పంపింది.

నేను బీమా క్లెయిములు పరిశీలించే ఉద్యోగిని. మా ఫైళ్లలో ఒక తేదీ తప్పు చదివితే, ఒక అంకె పొరపాటున ఎక్కితే, ఆస్పత్రి బిల్లు కట్టలేక ఎదురుచూస్తున్న ఒక కుటుంబానికి డబ్బు ఆగిపోతుంది. రెండేళ్ల కిందట మా ఆఫీసును కొత్తగా మార్చారు. ఉన్న అంతస్తుల్లో ఒకటి వదిలేసి, మేం కూర్చునే గదులన్నీ తీసేసి, పొడవాటి బల్లలు వేశారు. పది మందికి ఏడు సీట్ల చొప్పున పెట్టారు. ఎవరికీ సొంత సీటు లేదు. ముందు వచ్చినవాళ్లది ముందు. దీన్ని ఫ్లెక్సిబుల్, కొలాబరేటివ్ ఆఫీసు అన్నారు, అంటే అవసరాన్ని బట్టి మార్చుకునేది, కలిసి పనిచేయించేది అని. మొదటి వారం మాకూ బాగానే అనిపించింది. కొత్త రంగులు, పెద్ద కిటికీలు, ఎప్పుడూ కలవని విభాగాలవాళ్ల పరిచయాలు. రెండో నెలకల్లా సగం మంది చెవులకు హెడ్‌ఫోన్లు వచ్చాయి.

మా యాజమాన్యానికి మూడుసార్లు రాశాం. ఇది నిపుణులు చేసిన డిజైన్, వాళ్లనే అడగండి అన్నారు. డిజైన్ చేసినవాళ్లను అడిగాం. ఇంత స్థలంలో ఇంతమందిని కూర్చోబెట్టాలని లెక్క ఇచ్చింది యాజమాన్యమే, మేం ఆ లెక్కకు గీశాం అన్నారు. అనుమతుల కార్యాలయానికి వెళ్లాం. మెట్లు, అగ్నిప్రమాద ఏర్పాట్లు, భవనం బలం చూస్తాం, లోపల బల్లలు ఎలా వేసుకున్నారన్నది మా పరిధిలోకి రాదన్నారు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. కానీ ఆ ముగ్గురి మధ్య మేం అడకత్తెరలో పోకచెక్కలా ఉండిపోయాం. అందుకే ఈ బహిరంగ లేఖ.

ముందే ఒక మాట. పాత కేబిన్లు తిరిగి కట్టమని మేం అడగడం లేదు. నగరంలో స్థలం ఎంత కరువో రోజూ బస్సుల్లో, రైళ్లలో నిలబడి వచ్చే మాకు తెలుసు. 2020 తర్వాత చాలామంది వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచే పనిచేస్తున్నారు కాబట్టి సీట్లు పంచుకోవడం తప్పని కూడా అనం. మా అభ్యంతరం ఒక్కటే. ఫ్లెక్సిబుల్ అన్న పేరుతో కట్టిన చోట, మార్చుకునే వీలు ఎవరికి ఇచ్చారు? అద్దె లెక్క వేసేవారికి ఇచ్చారు. అందులో కూర్చుని పనిచేసేవారికి ఇవ్వలేదు.

ఇలాంటి ఆఫీసుల్లో జరుగుతున్నది

1. అన్నిటికన్నా పెద్ద బాధ మాటల చప్పుడు. ఏసీ హోరు గానీ, వీధిలో హారన్ గానీ మమ్మల్ని అంతగా ఇబ్బంది పెట్టవు. అవి కాసేపటికి అలవాటైపోతాయి. పక్క బల్ల దగ్గర ఫోన్‌లో మాట్లాడుతున్న మనిషి మాటలు అర్థమవుతున్నంతసేపూ మాత్రం మన చెవి వాటి వెంటే పోతుంది, మనం వద్దనుకున్నా పోతుంది. ఈ సంగతి డిజైనర్లకు కొత్త కాదు. ఇలా గదులు లేకుండా అందరూ ఒకే హాల్లో కూర్చునే ఓపెన్ ఆఫీసుల్లో శబ్దాన్ని కొలవడానికి 2012లోనే ఐఎస్‌ఓ 3382-3 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. ఒక మనిషి మాట ఎంత దూరం పోయాక పక్కవాళ్ల ధ్యాసను చెదరగొట్టే స్పష్టత కోల్పోతుందో అది మీటర్లలో చెబుతుంది. ఆ దూరం ఎంత తక్కువైతే ఆఫీసు అంత మేలు. మరి ఆఫీసు తాళాలు అప్పగించే ముందు ఆ కొలత తీస్తున్నవాళ్లు ఎంతమంది? మా అంతస్తులో ఎవరూ తీయలేదు. నేల నున్నటి రాయి, గోడలు అద్దం, పైన సీలింగ్ తీసేసి స్లాబ్ బయటపెట్టారు. చూడ్డానికి అందంగానే ఉంది, కానీ అన్న ప్రతి మాటా తిరిగి మన చెవిలోనే పడుతుంది.

మీటింగ్ గదుల సంగతి ఇంకో రకం. ఫాల్స్ సీలింగ్ ఉన్న చోట గది గోడను ఆ సీలింగ్ దగ్గరే ఆపేశారు. పైన స్లాబ్ దాకా ఖాళీ. తలుపు వేసినా లోపలి మాట ఆ ఖాళీలోంచి పక్క గదిలోకి దిగుతుంది. ఒక సహోద్యోగి తన అనారోగ్యం గురించి సెలవు అడుగుతూ మేనేజర్‌తో మాట్లాడింది అంతా పక్క గదిలో ఉన్న ఆరుగురికి వినిపించింది. ఆమె ఆ తర్వాత చాలా రోజులు ఆఫీసుకు రాలేకపోయింది.

ఇంత చేసి, కలిసి పనిచేయడం పెరిగిందా అంటే అదీ లేదు. హార్వర్డ్‌కు చెందిన ఈథన్ బెర్న్‌స్టీన్, స్టీఫెన్ టర్బన్ రెండు పెద్ద కంపెనీల ప్రధాన కార్యాలయాల్లో గోడలు తీసేయకముందు, తీసేశాక ఉద్యోగుల మెడలో సెన్సార్లు వేసి కొలిచారు. 2018లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం ముఖాముఖి మాటలు సుమారు 70 శాతం తగ్గాయి. వాటి బదులు ఈమెయిళ్లు, మెసేజ్‌లు పెరిగాయి. పరిశోధకులు జంగ్సూ కిమ్, రిచర్డ్ డి డియర్ 2013లో 303 ఆఫీసు భవనాల్లోని 42 వేల మందికి పైగా ఉద్యోగుల అభిప్రాయాలు విశ్లేషించారు. పక్కవాళ్లతో తేలిగ్గా మాట్లాడగలగడం వల్ల కలిగే లాభం కన్నా చప్పుడు, చాటు లేకపోవడం వల్ల కలిగే నష్టమే ఎక్కువని తేల్చారు. మాకు ఈ అంకెలు చూస్తే ఆశ్చర్యం కలగలేదు. ఇదివరకు కొత్తగా చేరిన అమ్మాయి కుర్చీ ఇటు తిప్పి, ఈ ఫైలు ఎలా చూడాలని అడిగేది. ఇప్పుడు నలభై మంది వింటారని అడగడానికి బిడియపడుతోంది. మెసేజ్ పెడుతుంది, నేను అరగంటకు చూస్తాను. ఆ అరగంటలో తనకు తోచింది చేసేస్తుంది.

2. రోజూ పొద్దున సీటు వెతుక్కోవాలి. ఈ ప్రయోగం కూడా పాతదే. 1990లలో అమెరికాలోని షయట్ డే అనే ప్రకటనల సంస్థ తన ఉద్యోగుల సొంత బల్లలన్నీ తీసేసింది. కొందరు కాగితాలు పెట్టుకోవడానికి చోటు లేక కారు డిక్కీలు వాడుకున్నారు. కొన్నేళ్లకే సంస్థ ఆ పద్ధతి మానుకుంది. అంత పేరున్న పాఠం కళ్ల ముందు ఉండగా మళ్లీ అదే చేస్తున్నాం.

ముందు వచ్చినవాళ్లది ముందు అన్న నియమం అందరికీ సమానంగా కనిపిస్తుంది, కానీ సమానం కాదు. అద్దెలు భరించలేక ఊరి చివర ఉండేవాళ్లు, పిల్లల్ని బడిలో దింపి వచ్చేవాళ్లు, ముసలి తల్లిదండ్రుల్ని చూసుకుని బయల్దేరేవాళ్లు ఎప్పుడూ చివరే వస్తారు. వాళ్లకు మిగిలేది లిఫ్టు పక్క సీటో, టాయిలెట్ దారిలోని సీటో. నడుం నొప్పి ఉన్న సహోద్యోగి తన ఒంటికి సరిపడేలా కుర్చీ సర్దుకోవడానికే రోజూ పావుగంట పడుతుంది. వినికిడి తక్కువైన ఇంకొకరికి ఎదుటి మనిషి పెదవులు కనిపించేలా, వెనక గోడ ఉండేలా సీటు కావాలి. అది దొరకని రోజు ఆయన మీటింగుల్లో మౌనంగా కూర్చుంటాడు.

3. గాలి. మా అంతస్తుకు ఏసీ డక్టులు వేసినప్పుడు అక్కడ ఎంతమంది ఉంటారన్న లెక్క ఒకటి ఉండి ఉంటుంది. బల్లలు చిక్కబడ్డాయి, డక్టులు మారలేదు. మధ్యాహ్నం మూడు గంటలకు అందరికీ తల బరువెక్కుతుంది. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ 420 పీపీఎం (పది లక్షల భాగాల్లో 420) దరిదాపుల్లో ఉంటుంది. మూసిన గదిలో జనం పెరిగేకొద్దీ అది వెయ్యి దాటడం పెద్ద విషయం కాదు. హార్వర్డ్ పరిశోధకులు 2015లో 24 మంది మీద ఒక పరీక్ష చేశారు. మంచి గాలి ఉన్న రోజుతో పోలిస్తే, 1400 పీపీఎం దగ్గర నిర్ణయాలు తీసుకునే సామర్థ్యం స్కోర్లు సుమారు సగానికి పడిపోయాయి. చిన్న పరీక్షే, ఒప్పుకుంటాం. అయినా ఒక కుటుంబం ఆస్పత్రి ఖర్చు మీద నిర్ణయం తీసుకునే మనిషిని ఆ గాలిలో కూర్చోబెట్టాలా?

జబ్బుల సంగతి ఇంకా తీవ్రమైంది. 2020 మార్చిలో దక్షిణ కొరియా రాజధాని సోల్‌లో, 19 అంతస్తుల భవనంలో 11వ అంతస్తున ఉన్న ఒక కాల్ సెంటర్‌లో 216 మందిలో 94 మందికి కోవిడ్ సోకింది. అందులో ఎక్కువమంది ఆ అంతస్తులో ఒకే వైపు దగ్గరదగ్గరగా కూర్చునేవాళ్లు. లిఫ్టులు, లాబీ అందరూ వాడుకున్నా భవనం మొత్తంలో దొరికిన కేసులు దాదాపు అన్నీ ఆ ఒక్క అంతస్తువే. మామూలు రోజుల్లో కూడా తేడా ఉంటుంది. డెన్మార్క్‌లో 2,403 మంది ఉద్యోగుల మీద చేసి 2011లో ప్రచురించిన సర్వేలో, ఒంటరి గదుల్లో పనిచేసేవాళ్లకన్నా ఓపెన్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు 62 శాతం ఎక్కువ రోజులు జబ్బు సెలవు పెట్టినట్టు తేలింది. జబ్బు సెలవు దొరకని కాంట్రాక్టు ఉద్యోగికి, హౌస్‌కీపింగ్ సిబ్బందికి అది కూలి పోయిన రోజు.

4. వెలుతురు గురించి కొంచెమే చెబుతాను. కిటికీ పై అంచు ఎత్తుకు రెండు, రెండున్నర రెట్ల దూరం దాకే పగటి వెలుగు పనికొచ్చేలా లోపలికి వస్తుందని ఆర్కిటెక్టులే చెబుతారు. మూడు మీటర్ల ఎత్తైతే ఆరేడు మీటర్లు. ఆ ఆరేడు మీటర్లలో మీటింగ్ గదులు, పెద్దవాళ్ల కేబిన్లు కట్టేశారు. రోజంతా కూర్చునేవాళ్లు చీకటి నడిమధ్యన ఉన్నారు, గంట కూర్చునేవాళ్లు కిటికీ పక్కన ఉన్నారు.

5. పేరుకు ఫ్లెక్సిబుల్, కానీ ఏదీ కదలదు. ప్లగ్ పాయింట్లు నేలలో ఒకే చోట ఉండటంతో బల్లలు అక్కడే ఉండాలి. మడిచే గోడ ఒకటి పెట్టారు, దాని తాళం ఆఫీసు నిర్వహణ చూసే ఫెసిలిటీస్ వాళ్ల దగ్గర ఉంటుంది. బల్ల రెండడుగులు జరపాలన్నా ముందుగా అడిగి, అనుమతి వచ్చేదాకా ఆగాలి. ఫోన్ బూత్‌లు రెండు ఉన్నాయి. వాటిలో గాలి ఆడదు, పది నిమిషాలకు చెమటతో బయటికి రావాలి.

డిజైనర్లతో ఒక మాట

మీ వృత్తి మీద మాకు గౌరవం ఉంది. మీ వృత్తిలోనే దీనికి మందు ఉందని తెలిసి బాధ ఇంకా పెరిగింది. బ్రిటిష్ ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ డఫీ ఎప్పుడో చెప్పాడు, భవనం ఒకే వస్తువు కాదు, వేర్వేరు ఆయుష్షులున్న పొరలు అని. స్తంభాలు, స్లాబులు లాంటి అసలు నిర్మాణానికి యాభై ఏళ్లు, వైర్లు, డక్టులు, పైపులకు పదిహేనేళ్లు, లోపలి అడ్డుగోడలకు ఐదు నుంచి ఏడేళ్లు, బల్లలూ కుర్చీలూ రోజూ మారొచ్చు. తక్కువ ఆయుష్షున్న పొరను ఎక్కువ ఆయుష్షున్న దానికి సిమెంటుతో అతికించకపోతే, ఆఫీసు మార్చడానికి ప్రతిసారీ గోడలు పగలగొట్టక్కర్లేదు. నెదర్లాండ్స్‌లోని అపెల్‌డోర్న్‌లో ఆర్కిటెక్ట్ హెర్మన్ హెర్ట్స్‌బెర్గర్ 1972లో ఒక బీమా సంస్థకు సెంట్రాల్ బెహీర్ అనే ఆఫీసు కట్టి ఇచ్చాడు. లోపల కావాలనే కొంత అసంపూర్తిగా వదిలాడు. ఉద్యోగులు మొక్కలు, దీపాలు, తమ సామాను తెచ్చుకుని దాన్ని పూర్తిచేసుకున్నారు. మాదీ బీమా ఆఫీసే. అందుకే ఆ ఫొటోలు చూసినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

ఒక మంచి ఆలోచన సీట్ల లెక్కలో పడి ఎలా పాడవుతుందో మీకు మాకన్నా బాగా తెలుసు. అమెరికన్ డిజైనర్ రాబర్ట్ ప్రాప్‌స్ట్ 1968లో అడ్డుతెరలతో బల్లల ఏర్పాటు తయారుచేసింది మనిషి తన చోటును తనకు నచ్చినట్టు మార్చుకోవాలనే. కంపెనీలు వాటినే బిగించి చిన్న చిన్న చదరాలు చేసి, జనాన్ని వరసల్లో కూర్చోబెట్టాయి. అదే క్యూబికల్ అయింది. తన ఆలోచనకు పట్టిన గతి చూసి ఆయన బతికుండగానే బాధపడ్డాడు. ఇప్పుడు మీ ఫ్లెక్సిబుల్ ఆఫీసుకు అదే గతి పడుతోంది. యాజమాన్యం ఇచ్చిన లెక్కకు గీశాం అనడం మీకు కూడా తృప్తినివ్వదని మా నమ్మకం. కాదని చెప్పగలిగే చదువు, పేరు మీకు ఉన్నాయి.

యాజమాన్యాలకు డబ్బు భాషలోనే చెబుతాం. వరల్డ్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ 2014 నివేదిక ప్రకారం సగటు వ్యాపార నిర్వహణ ఖర్చులో 90 శాతం జీతాలు తదితర ఉద్యోగుల ఖర్చే. అద్దె 9 శాతం, కరెంటు 1 శాతం. ఆ 9లో కొంత మిగిల్చడానికి 90 మీద దెబ్బ కొడుతున్నారు.

మేం కోరుతున్నవి

1. ఆఫీసు గీసే ముందు కనీసం రెండు వారాలు పాత ఆఫీసులో కూర్చుని చూడండి. ఎవరు ఎంతసేపు ఒంటరిగా పనిచేస్తారు, ఎంతసేపు కలిసి పనిచేస్తారు, ఎన్ని ఫోన్లు వస్తాయి, రాసుకోండి. మేనేజర్లతోనే కాదు, కింది ఉద్యోగులతో, హౌస్‌కీపింగ్ సిబ్బందితో, సెక్యూరిటీ గార్డులతో మాట్లాడండి. ఏ మూల వేడెక్కుతుందో, ఏ గది ఎప్పుడూ ఖాళీగా ఉంటుందో వాళ్లకే తెలుసు. మొదటి డ్రాయింగ్ అందరికీ కనిపించేలా గోడకు పెట్టండి, అభ్యంతరాలు తీసుకోండి.

2. నిశ్శబ్దంగా పనిచేసే చోటు ముందు గీయండి, కలిసి కూర్చునే చోటు తర్వాత. ప్రతి నాలుగు సీట్లలో కనీసం ఒకటి ఫోన్లు, మాటలు లేని గదిలో ఉండాలి. మాట బయటికి పోకూడని గదుల గోడలు స్లాబ్ దాకా వెళ్లాలి. ఐఎస్‌ఓ 3382-3 ప్రకారం శబ్దం కొలిచి, ఆ ఫలితం ఉద్యోగులకు చూపించాకే ఆఫీసు తెరవాలి.

3. ఒంటి బాధ వల్లో, పని తీరు వల్లో సొంత సీటు కావాలన్నవారికి అది ఇవ్వండి. దాని కోసం డాక్టరు సర్టిఫికెట్ పట్టుకుని పది మంది ముందు నిలబడే పరిస్థితి ఉండకూడదు. మిగతావాళ్లకు తాళం ఉన్న లాకరు, దూరం నుంచి వచ్చేవాళ్లు ముందురోజే సీటు బుక్ చేసుకునే వీలు ఉండాలి. ఒకే బృందంలోవాళ్లు ఒకే చోట దగ్గరదగ్గరగా కూర్చునేలా చూడండి.

4. ప్రతి అంతస్తులో కార్బన్ డయాక్సైడ్ మీటరు అందరికీ కనిపించే చోట పెట్టండి. సీట్లు పెంచిన ప్రతిసారీ బయటి గాలి లెక్క మళ్లీ వేయించండి.

5. కిటికీ పక్క చోటు రోజంతా కూర్చునేవాళ్లకు ఇవ్వండి.

6. బల్లలకు చక్రాలు, పైనుంచి గానీ ఎత్తిన నేల కిందనుంచి గానీ కరెంటు ఏర్పాటు ఉండాలి. వాటిని జరుపుకునే అధికారం బృందానికే ఉండాలి.

7. ఆఫీసు తెరిచిన ఆరు నెలలకు అదే డిజైనర్లు తిరిగి వచ్చి, ఉద్యోగులను పేర్లు అడగకుండా సర్వే చేయాలి. ఆ సర్వేలో బయటపడ్డ లోపాలు సరిచేయడానికి మొత్తం ఖర్చులో పదో వంతు మొదటే పక్కన పెట్టాలి. డబ్బు అయిపోయింది అన్న జవాబు మేం ఇంకోసారి వినదలుచుకోలేదు.

8. అధికారులకు. అనుమతి తీసుకున్నప్పుడు రాసిన జనసంఖ్యకు, ఇప్పుడు లోపల ఉన్న జనానికి పొంతన ఉందో లేదో చూసే బాధ్యత ఎవరో ఒకరికి అప్పగించండి. లోపలి అమరిక మార్చి సీట్లు పెంచితే గాలి, బయటికి వెళ్లే దారులు, టాయిలెట్ల సంఖ్య మళ్లీ తనిఖీ కావాలి. బ్రిటన్‌లో 1992 నాటి పనిస్థలాల నిబంధనల అమలు నియమావళి ఒక్కో మనిషికి కనీసం 11 ఘనపు మీటర్ల చోటు చెబుతుంది, అదీ మూడు మీటర్లకు పైనున్న ఎత్తును లెక్కలోకి తీసుకోకుండా. అలాంటి కనీస అంకె ఒకటి ప్రతి నగరంలో ఉండాలి, అది మొదటి అనుమతి నాడే కాకుండా భవనం వాడుకలో ఉన్నన్నాళ్లూ అమలవ్వాలి.

వీటిలో 3, 5 కోరికలకు పైసా ఖర్చు లేదు, లేదా చాలా తక్కువ. వచ్చే నెలలోనే మొదలుపెట్టొచ్చు. 2, 4, 6 కొత్తగా గీస్తున్న ప్రతి ఆఫీసుకూ ఈరోజు నుంచే వర్తించాలి. మిగతావాటికి సమయం కావాలంటే ఎంత కావాలో రాతపూర్వకంగా చెప్పండి.

మా రెండు అంతస్తుల నక్షా మేమే గీసి పెట్టుకున్నాం. ఏ సీటు దగ్గర మాటలు ఎంత వినిపిస్తాయి, ఏ మూల ఏ వేళకు ఉక్కగా ఉంటుంది, ఏ సీట్లు ఎప్పుడూ ఖాళీగా మిగిలిపోతాయి, ఏవి పొద్దున్నే నిండుతాయి, అన్నీ రోజువారీగా రాసిన నోటుపుస్తకం మా దగ్గర ఉంది. మీ ముగ్గురి తరఫున తలా ఒకరు ఒకే రోజు, ఒకే బల్ల దగ్గరకు రండి. మధ్యాహ్నం మూడింటికి వస్తే మంచిది. నక్షా, పుస్తకం రెండూ మీ ముందు పెడతాం.

ఇట్లు,
మా అంతస్తుల ఉద్యోగుల తరఫున,
క్లెయిముల విభాగం ఉద్యోగిని